పేర్మాను దొర పేరు

శుక్రవారంలోపల చేయాల్సిన పనులను మునీంద్ర ఫోన్లో రాసుకున్నాడు. సాల్మియా అంగట్లో అరిటాకులు తేవాలి. అలసందలు నానబెట్టాలి. మధ్యాహ్నం దాకా వంటగది తనకే కావాలని గదిలోని మిగతా ముగ్గురికీ ముందే చెప్పాలి. సల్వాకు పోయి పుష్పలతత్తను పిలుచుకొని రావాలి. ఆఖరున, పేర్మాను దొర పూర్తి పేరు కనుక్కోవాలి.

మొదటి నాలుగూ లెక్కలోవి కావు. ఐదోదే మూడు నెలలుగా తెగడం లేదు.

పెద్దల అమావాస్య ఆదివారం. అయితే ఈ అరబ్బు దేశంలో ఇంటిపని చేసే అత్తకు సెలవు శుక్రవారమే కాబట్టి, అబూ హలీఫాలోని మునీంద్ర గదికి పెద్దలు కూడా శుక్రవారమే రావాలి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఆకు వేయాలి. అందరికీ పేర్లున్నాయి. జేజి, అంటే అత్తను కన్న పోలేరమ్మ, ఆమె తల్లి పేరు ఎడితమ్మ. ఆ ఎడితమ్మను కన్న ఇంగ్లీషాయనకు మాత్రం ‘పేర్మాను దొర’ అన్న రెండు మాటలే మిగిలాయి. ఆయన నందలూరు రైలు షెడ్డుకే పెద్ద అధికారని అత్త నమ్మకం. తాను పనిచేసే ఇంటి మామాకు, అంటే యజమానురాలికి కూడా అదే చెప్పుకుంది.

“ఈసారి నిండు పేరుతో పిలవాల రా. మనింట్లో డిగ్రీ సదివినోడివి నువ్వొక్కడివే. నువ్వు గాక ఎవురు కనుక్కుంటారు?” అంది.

ఆ మాట మీద మునీంద్ర ఇంగ్లండు పాత జనాభా లెక్కలన్నీ ఆన్‌లైన్లో గాలించాడు. పేర్మాన్ అనే ఇంటిపేరు వాళ్ళు కుప్పలుగా దొరికారు. రైతులు, రొట్టెలు కాల్చేవాళ్ళు, ఒక పాదిరీ. రైళ్ళలో ఒక్కడూ లేడు.

బుధవారం సాయంత్రం ఊర్లో ఉన్న జేజికి ఫోన్ చేశాడు. “జేజీ, దొరను గురించి మీయమ్మ ఇంకేమన్నా చెప్పిందా?”

“ఏం జెప్తాది నాయనా, ఒళ్ళంతా బొగ్గు మసేనంట. నీళ్ళు బోసుకుంటే తప్ప తెల్లోడని తెలిసేది కాదంట. ఆ షెడ్డులో పేర్మాన్లు ఇరవై మంది ఉండ్రి, అందర్లోకి ఈయనే...”

“ఆగు జేజీ. ఎంతమంది?”

“పేర్మాన్లా? ఇరవై మంది. చెవుడా నీకు?”

మునీంద్ర నెత్తి కొట్టుకున్నాడు. సాల్మియాలో అతని ఉద్యోగం, పనికొచ్చిన వాళ్ళు ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కాగితం, ఇఖామా ఫారాలు నింపడమే. పేరు గడిలో ‘డ్రైవర్’ అనో ‘కుక్’ అనో రాసుకొచ్చే వాళ్ళవి వారానికి ఒకటో రెండో దిద్దుతూనే ఉంటాడు. అదే తప్పు తన ఇంట్లో నూరేండ్లుగా నడుస్తోంది. అది పేరు కాదు, పని. ఫైర్‌మన్. ఇంజన్లో బొగ్గు వేసేవాడు.

ఈసారి ఇంటిపేరు వదిలేసి, నందలూరు, ఎడిత్, తండ్రి ఫైర్‌మన్ అని పాత బాప్తిస్మాల పట్టీలో వెతికాడు. 1914లో దొరికింది. తండ్రి, సామ్యూల్ హోల్ట్. ఆ పేరు పట్టుకొని జనాభా లెక్కల్లోకి పోతే, 1911లో క్రూ అనే ఊళ్ళో ఆయన ఉన్న ఇల్లే దొరికింది. ఇరవై రెండేండ్లు, ఫైర్‌మన్. ఆ ఇంట్లో చెల్లెలొకతె ఉంది, పేరు ఎడిత్. కూతురికి ఆయన చెల్లెలి పేరే పెట్టుకున్నాడు.

అక్కడున్న మిగతా గళ్ళు చదివాక మునీంద్రకు సంతోషం సగమైంది. అత్తకు ఎట్లా చెప్పాలి?

శుక్రవారం అత్త వడలు కాలుస్తుంటే పక్కన నిలబడ్డాడు. “అత్తా, పేరు దొరికింది. సామ్యూల్ హోల్ట్.”

“హాల్టా? రైలాయన గదా, పేరు గూడా హాల్టే!” పకపకా నవ్వింది. “ఏం హోదా?”

దాచడం అతనికి చేతకాదు. “హోదా ఏం లేదత్తా. బొగ్గేసేవాడు. వాళ్ళమ్మ మొగుడు పోయినామె, ఇండ్లు కడిగి సాకింది. చెల్లెలు ఎడిత్ పదారేండ్లది, ఇండ్లలో పనిమనిషి.”

నూనెలో వడ మాడింది. అత్త దాన్ని తీసి పక్కన పడేసి, “ఆ పిల్ల వరస ఇంకోసారి సదువు” అంది.

చదివాడు.

“సర్కారు కాయితంలోనా? పేరుతోనే రాసినారా?”

“పేరు, వయసు, పని. అన్నీ.”

“నా ఇఖామాలో ఉన్నట్టే.” చేతులు తుడుచుకొని, చదవడం రాకపోయినా ఫోన్లోని ఆ గొలుసురాతను వేలితో తడిమి చూసింది. “అధికారి మనమరాలి బిడ్డనై ఉండి అంట్లు తోముతాండానని ఇన్నేండ్లూ లోపల సిగ్గుగా ఉండె రా. ఇంగ సిగ్గెందుకు? మనోళ్ళు అక్కడ గూడా రెక్కలాడిస్తేనే తిన్నారు. రేపు మామాకు నేనే చెప్తా, మాది మొదటి నుంచీ కష్టం చేసే వంశమని.”

ఆకులు వేసేటప్పుడు ఒకటి ఎక్కువ వేసింది, సామ్యూల్ హోల్ట్ ఆకు పక్కనే, ఆయన చెల్లెలికని. “దానికి పెండ్లయిందో లేదో, తలుచుకునే బిడ్డలుండారో లేదో” అని గొణిగి, తర్వాత గొంతెత్తి పిలిచింది. “ఎడితమ్మా, రా తల్లీ. చేసింది చాలు, కూర్చొని తిను.”

మీ ఇంట్లో పెద్దలకు ఆకు వేసే రోజున ఎడిత్ హోల్ట్‌ను కూడా ఒక్కసారి తలుచుకోండి. పదారేండ్లది, ఇండ్లలో పనిచేసేది.