తొమ్మిదులున్న చిరునామా

నేను ఒక అకౌంటు చిరునామాను. వీధి పేరు, పిన్‌కోడు నాకు లేవు. సున్నాతో మొదలయ్యే నలభై రెండు అక్షరాలూ అంకెలూ, అంతే. యజమానీ ఆఫీసూ లేని వెబ్‌సైట్లలో మనిషికి నేనే పేరు, నేనే ముఖం. నాకు పన్నెండు రహస్యపు మాటలుంటాయి. అవి ఎవరికి తెలిస్తే వాళ్లదాన్ని నేను. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకెక్కదు.

నాలాంటివి ఏ ఫోనులోనైనా చిటికెలో పుడతాయి. నా పుట్టుకకు మాత్రం ముహూర్తం పెట్టారు! పోచంపల్లి దగ్గర మగ్గం నేసే కర్నాటి ముకుందానికి, తన డిజైన్లను ఎవరో కాజేసి తమవని చెప్పుకుంటారన్న బెంగ. అలాంటివి నమోదు చేసుకునే వెబ్‌సైటు ఉందని చెప్పింది అన్న కూతురు హేమలతే.

"అకౌంటు నీ ఫోన్ల నువ్వే చేసుకో బాబాయ్. ఆ పన్నెండు మాటలు ఎవ్వలకు చూపియ్యకు."

"చివర్ల తొమ్మిదులు రావాలె బిడ్డా. బండి నంబరుకే అంత చూస్తిమి, దీనికి చూడొద్దా?"

అలా హైదరాబాదులో విశ్వంభర్ అనే సంఖ్యాశాస్త్ర పండితుడి కంప్యూటరులో పుట్టాను, తోకకు నాలుగు తొమ్మిదులతో. పండితుడు పన్నెండు మాటలూ స్వహస్తాలతో రాసి, కవరుకు పసుపు పూసి ఇచ్చాడు. ముకుందం దాన్ని దేవుడి గూట్లో దాచాడు. కట్టుకున్న పెళ్లానికి కూడా చూపించలేదు, అంత జాగ్రత్తపరుడు! రాసినవాడికి అవి తెలుసన్న ఊహ మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

నా పేరున ఇరవై ఆరు డిజైన్లు చేరాయి. అందులో ఏనుగుల బొమ్మలు నేసిన చదరపు బట్ట, ఏనుగుల రుమాలు, ఒక్కదానికే ఏడాది పట్టింది. రంగు అంటకూడని చోటల్లా దారాలకు ముడులు కట్టి రంగులద్దుతుంటే అతని కళ్లు నీళ్లు కారేవట. ఒక ఉదయం విశ్వంభర్ ఆ పన్నెండు మాటలతో లోపలికొచ్చి, నా మీద ముకుందం పేరు చెరిపి తన పేరు పెట్టుకున్నాడు. మాటలు సరిపోయాయి, తలుపు తీశాను. నాకు ఇచ్చిన తెలివి అంతే.

సంగతి తెలిసి ముకుందం తన ఆధార్ కార్డును ఫోను తెరకు ఎదురుగా పట్టుకుని, "నేనే ముకుందాన్ని" అన్నాడు. చూడ్డానికి అక్కడ ఎవడున్నాడు?

"పన్నెండు మాటలు తెలిసినోళ్లు ఇద్దరైతే ఇద్దరూ నువ్వే బాబాయ్, ఆ సైటుకు," అంది హేమలత.

విశ్వంభర్ ఆ రుమాలును మరో ఊళ్లో నేయించి నగరంలో ప్రదర్శనకు పెట్టాడు. కింద అట్టముక్క మీద అతని పేరు, దాని కింద నేను. జనం ముందు శాలువా కప్పించుకుని, ఈ ఏనుగులు తనకు ధ్యానంలో కనిపించాయని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు? సాక్ష్యానికి నేనున్నానుగా.

ఆఖరి రోజు ముకుందం వచ్చాడు. చాలాసేపు నిలబడి, ఒక ఏనుగు తొండం దగ్గర రంగు చెదరడం చూసి, అద్దకంలో ముడి ఎక్కడ వదులైందోనని వేలు చాపాడు. కాపలా మనిషి పరుగున వచ్చాడు.

"పెద్దాయనా, ముట్టుకోవద్దు! జర దూరం నిల్చోండ్రి."

పుట్టాక మొదటిసారి నాకు సిగ్గేసింది. ముకుందం చెయ్యి వెనక్కి తీసుకుని, రెండడుగులు దూరం జరిగి నిలబడ్డాడు.