బతికే ఉన్నట్టు కాగితం

ఏడు కొట్టేసరికి దోన్ ఫిదెన్సియో నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి, ఎడమచేతిలో కర్ర పట్టుకుని, దాని మీద కుడి మణికట్టు ఆన్చి, బస్సు నుదుటి మీద మూడో అక్షరం దించుతున్నాడు. బస్సు రుఫీనోది. ఉత్తరాన ఎక్కడో పిల్లల్ని బడికి మోసి మోసి అలిసిపోయి, పసుపు రంగుతో మా ఊరి వర్క్‌షాపుకి వచ్చింది. నాలుగు వారాల్లో ఆ పసుపు మీద ఎరుపూ ఆకుపచ్చా ఎక్కాయి. ఇక మిగిలింది పేరొక్కటే. రుఫీనో తల్లి పేరు, గ్రిసెల్దా. మా లిపిలో ఎనిమిది అక్షరాలు. రేపు పొద్దున ఫాదర్ వచ్చి పవిత్రజలం చల్లుతాడు, టపాకాయలు కాలుస్తారు, బస్సు రోడ్డెక్కుతుంది. పేరు లేని బస్సుని మా దగ్గర ఎవరూ దీవించరు.

కర్ర నారింజ కొమ్మది, కొసన తోలు గుండీ. మొదట్లో గీత తిన్నగా రావడానికి వాడేవాడు. ఈ రెండేళ్లుగా చేతి వణుకు దాచుకోవడానికి వాడుతున్నాడు. ఆ సంగతి తనకీ భార్య ఒతీలియాకీ తప్ప మూడో మనిషికి తెలియదని అతని నమ్మకం. వర్క్‌షాపులో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే.

పొట్టి మనిషి. డెబ్బై మూడేళ్లు, అందుకే మర్యాదకి అందరూ పేరు ముందు 'దోన్' చేరుస్తారు. గోళ్ల మొదళ్లలో ఎన్నో ఏళ్ల రంగులు పేరుకుపోయి, ఒతీలియా ఎంత తోమినా వదలవు. ఎడమ కంట్లో సన్నటి పొర. చుట్టుపక్కల ఊళ్లలో తిరిగే బస్సుల్లో సగం పేర్లు అతని చేతివే. వాటిలో ఒక్కదాని మీదా అతని పేరు లేదు, ఉండాలని అతనికి తోచనూ లేదు.

పదింటికి నాలుగో అక్షరం ముగించి, కుంచె కిరసనాయిల్లో కడిగి, ఉతికిన చొక్కా తొడుక్కుని సెనైదా నెట్ సెంటర్‌కి వెళ్లాడు.

"అమ్మా సెనైదా, నేను బతికే ఉన్నానని చెప్పాలి."

"చూస్తే తెలుస్తూనే ఉందిగా దోన్ ఫిదెన్సియో!"

"నీకు తెలిస్తే ఏం లాభం? పింఛనాఫీసుకి తెలియాలి. నాలుగింటికి గడువు అయిపోతుంది."

పోయినేడాది దాకా ఇది ఐదు నిమిషాల పని. ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని మునిసిపాలిటీకి వెళితే, గుమాస్తా కళ్లద్దాల పైనుంచి చూసి "ఉన్నారా?" అనేవాడు. "ఉన్నాను" అంటే ముద్ర గుద్దేవాడు. ఈ ఏడు అదంతా కంప్యూటర్లోకి వెళ్లిపోయింది. నెల రోజులుగా ఫిదెన్సియో నాలుగుసార్లు వచ్చి ఉత్త చేతుల్తో వెనక్కి వెళ్లాడు. ఇవాళ కూడా కాకపోతే పింఛను ఆగుతుంది, దాంతోపాటు ఆసుపత్రి కార్డూ ఆగుతుంది. ఆ కార్డు మీదే ఒతీలియాకి ఇన్సులిన్ ఇస్తారు. ఇంట్లో తొమ్మిది రోజులకి సరిపడా ఉంది.

సెనైదా వివరాలన్నీ చకచకా నింపింది. అడుగున ఎప్పటిలాగే ఆ చిన్న గడి. 'నేను రోబోను కాను.' నొక్కగానే బొమ్మలొచ్చాయి. ట్రాఫిక్ సిగ్నళ్లు ఎక్కడున్నాయో చూపించమంది. మా ఊళ్లో సిగ్నల్ లేదు. దీపాల గడులు నొక్కింది సెనైదా. సిగ్నల్ స్తంభం కూడా సిగ్నల్ కిందికి వస్తుందా రాదా? ఇద్దరూ తర్జనభర్జన పడి వదిలేశారు. తప్పంది. తరువాత వీధి పక్కన పాతిన ఎర్రటి ఇనప దిమ్మల్ని ఏరమంది.

"ఇదేం వస్తువమ్మా?"

"మంటలార్పే నీళ్ల కుళాయట."

"వీధిలోనా? మనకి తాగే నీళ్లే రోజు విడిచి రోజు!"

మూడోసారి బస్సులు అడిగింది. ఫిదెన్సియో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తెర మీద వేలితో ఒక్కొక్కటీ చూపిస్తుంటే సెనైదా నొక్కింది. మూలన అద్దం కొస మాత్రం కనబడే గడినీ అతను వదల్లేదు. నడిమధ్యన నిలబడ్డ పసుపు బస్సుని మాత్రం దాటేశాడు.

"అది బస్సే కదండీ!"

"ఇంకా కాలేదు. రంగు పడలేదు, పేరు లేదు. అది ఒట్టి బండి."

ఆ క్షణానికి అటకెక్కించాల్సిన పట్టుదల అది. తప్పంది. పైగా ఆలస్యమైందని పేజీ మొత్తం చెరిపేసి మొదటికి తెచ్చింది.

ఈసారి వంకర అక్షరాలు ఇచ్చి చదవమంది. ఒకదాని మీద ఒకటి పడి, మీద గీతలు కొట్టినవి. జన్మంతా అక్షరాలు దిద్దిన మనిషికి కోపం రాదా?

"ఎవడు రాశాడమ్మా ఇది? నా దగ్గరైతే మధ్యాహ్నానికే పనిలోంచి తీసేసేవాణ్ణి."

వెనక బెంచీ మీద పాస్‌పోర్టు కోసం కూర్చున్న లావుపాటావిడ కిసుక్కున నవ్వింది. "నిజంగా రోబో అయితే ఎప్పుడో దాటేసి ఇంటికెళ్లి భోంచేసేది. మనుషులం కాబట్టే మనకీ ఖర్మ!"

రెండయింది. మూడయింది. సెనైదాకి తలప్రాణం తోకకొచ్చింది. సరిగ్గా నొక్కినా కాదంటోంది. ఊరంతా ఒకే లైను మీంచి అడుగుతుంటే దానికి అనుమానం వస్తుందని ఎవరో చెప్పారామెకి. ఫిదెన్సియో గోడ గడియారం చూస్తున్నాడు. తొమ్మిది రోజుల తరువాత ఏం చెయ్యాలో అతనికి తెలియదు. నలభై ఎనిమిదేళ్లుగా తనకి రొట్టెలు కాల్చిపెట్టిన మనిషి ఒతీలియా. భయం వేసింది. ఆ భయం ఎవరితో చెప్పుకోవాలో తెలియక చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు.

మూడున్నరకి సెనైదా మౌస్ అతని ముందుకి తోసింది.

"మీరు పట్టుకోండి. బాణం ఎలా నడుస్తుందో కూడా అది చూస్తుందట. నాది మరీ తిన్నగా, మరీ వేగంగా పోతోందేమో."

అతను చేతులు బల్ల కిందికి తీసేసుకున్నాడు.

"నా చెయ్యి తిన్నగా పోదమ్మా."

"తెలుసు."

"తెలుసా?"

"అందరికీ తెలుసు దోన్ ఫిదెన్సియో."

 అతను కుడిచెయ్యి పైకి తెచ్చి మౌస్ మీద పెట్టాడు. కర్ర లేదు, ఆన్చుకోవడానికి ఏమీ లేదు. బాణం తెరంతా తిరిగింది, గడి దాటిపోయింది, వెనక్కొచ్చింది, మళ్లీ దాటింది. మళ్లీ బస్సులే అడిగింది. ఒక్కొక్కటీ నొక్కుకుంటూ వచ్చి చివరికి పసుపు బండి దగ్గర ఆగాడు. "సరే, నువ్వూ బస్సువే" అని నిట్టూర్చి దాన్నీ నొక్కాడు.

ఆకుపచ్చ టిక్కు పడింది. వెనక బెంచీ ఆవిడ చప్పట్లు కొట్టింది. సెనైదా కళ్లు తుడుచుకుంది. బాణం నడకే చూసిందో, మరేం చూసిందో ఎవరికి తెలుసు! రెండేళ్లుగా అతను దాచుకుంటూ వచ్చిన వణుకుని చూసే అది అతన్ని మనిషని ఒప్పుకుందని సెనైదా ఈ రోజుకీ అంటుంది. నేనూ అదే నమ్ముతాను.

అచ్చయిన కాగితం వెచ్చగా ఉంది. 'పై వ్యక్తి సజీవంగా ఉన్నారు. వచ్చే ఏడాది ఇదే తేదీ వరకు చెల్లును.' దాన్ని రెండుసార్లు చదువుకుని వర్క్‌షాపుకి నడిచాడు.

ఇంకా నాలుగు అక్షరాలు ఉన్నాయి. నిచ్చెన ఎక్కాడు గానీ కర్ర తీసుకోలేదు.

"రుఫీనో, గీత కొంచెం వణుకుతుందయ్యా. ఫరవాలేదా?"

రుఫీనో చక్రం బోల్టు బిగిస్తూ తల తిప్పలేదు. "మా అమ్మ చెయ్యీ వణికేది చివర్లో. కానివ్వండి."

ఐదింటికి ఆఖరి అక్షరం ఆకుపచ్చగా పూర్తయింది. దాని రెండో కాలు కాస్త అటూ ఇటూ ఊగింది. పొగలు కక్కే అగ్నికొండ మీంచి బూడిద మోసుకొచ్చే గాలి ఇటు తిరిగింది కాబట్టి, తడి రంగు మీద పడకుండా రేకు అడ్డం పెట్టాడు. ఆరేదాకా కూర్చుంటానని చెప్పి, కర్ర తీసుకుని బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు.

ఐదున్నరకి కాఫీ తెచ్చిన రుఫీనో రెండుసార్లు పిలిచాడు. తరువాత భుజం పట్టుకున్నాడు. తరువాత కాఫీ కింద పెట్టి, టోపీ తీసేసి, ఒతీలియాకి కబురు పంపాడు.

ఆమె ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కింది. పక్కన కూర్చుని అతని కుడిచేతిని ఒళ్లోకి తీసుకుంది. ఆ చెయ్యి వణకడం లేదు. అది చూసే ఆమె ఏడ్చింది.

"పొద్దున కాగితం పనికని వెళ్లాడు. అయిందా నాయనా?" అని చాలాసేపటికి అడిగింది.

రుఫీనోకి ఏ కాగితమో తెలియదు. ఆమె చూపు వెంట అతనూ చూశాడు. స్టీరింగు ముందు బల్ల మీద నారింజ కర్ర ఉంది, దానికి చుట్టి రబ్బరు బ్యాండు వేసిన కాగితం ఉంది, కాగితం అంచున ఆకుపచ్చ వేలిముద్ర ఇంకా తడిగానే ఉంది.