కుర్చీ కింద గడ్డి

మధ్యాహ్నం టీ గంట కొట్టగానే ఫిర్యాదుల విభాగంలో అందరూ హెడ్‌ఫోన్లు తీసి బల్లల మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆఫీసు వెనక ఖాళీ జాగాలోకి నడిచేవారు. అక్కడ ఎవరూ నాటని గడ్డి మోకాళ్ల దాకా పెరిగి ఉండేది. అందులో ఒట్టి కాళ్లతో నిలబడితే ఒంట్లో బరువంతా అరికాళ్లలోంచి దిగిపోయేది. నిలబడినంత మేర గడ్డి బూడిదరంగుకు తిరిగి నేలకు ఒరిగేది. రాత్రి మంచు కురిస్తే, తెల్లారేసరికి మళ్లీ పచ్చగా లేచేది. అందులో వింతేముంది, గడ్డి చేసే పనే అది.

సారీ అక్కకి ఆ పేరు ఆఫీసులో పెట్టిందే. పొద్దున్నించి సాయంత్రం దాకా తను తయారు చెయ్యని, తను అమ్మని వాషింగ్ మెషీన్ల కోసం ముక్కూమొహం తెలియని వాళ్లకి సారీ చెప్పడమే ఆమె ఉద్యోగం.

"ఇవాళెలా ఉందక్కా?" అని అడిగేవాడు పక్క సీటు కుర్రాడు. వాడు మాట్లాడితే గోడ మీద రాతల్లా ఉంటుంది కాబట్టి వాడికి నినాదం అని పేరు.

"ఏం చెప్పమంటావు నాయనా, ఒకాయన మా వంశం మొత్తాన్ని మెషీన్లో వేసి తిప్పి, పిండి, ఆరేశాడు."

"విశ్రాంతి దానం కాదు, హక్కు!"

"హక్కే గానీ, నా కాలు తొక్కుతున్నావు, కాస్త జరుగు."

బరువు దిగాకే ఆమె అమ్మకి ఫోన్ చేసేది. ఊరికి ఆ చివర తమ్ముడింట్లో అమ్మ మంచం పట్టి ఉంది. ఊపిరి అందడం లేదు. పడిన తిట్లు తన గొంతులో అమ్మకి వినబడకూడదని, ముందు గడ్డిలో నిలబడి, తర్వాతే నంబరు నొక్కేది. "తిన్నావా?" అని ఈమె, "నువ్వు తిన్నావా?" అని ఆవిడ. అంతే. ఆ రెండు ముక్కల కోసమే అమ్మ మధ్యాహ్నం నిద్ర మానుకుని ఎదురుచూసేది. సెలవు కోసం ఈమె అడుగుతూనే ఉంది, ఆఫీసువాళ్లు వచ్చే నెల చూద్దామంటూనే ఉన్నారు.

మేనేజరు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఎదిరించడం తేలిక. ఆయన ఏదో సదస్సుకి వెళ్లొచ్చి, ఉద్యోగుల మానసిక ఒత్తిడి గురించి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. మరుసటి వారమే మనుషులొచ్చి ఖాళీ జాగాలోని గడ్డిని మట్టితో సహా పలకలు పలకలుగా పెళ్లగించి, ట్రేలలో పెట్టి, ఒక్కో కుర్చీ కింద ఒక్కోటి అమర్చారు. జాగాలో కార్ల కోసం సిమెంటు పోశారు. గోడకి "మీ ప్రశాంతతే మా ప్రగతి" అని బోర్డు వేలాడదీశారు.

"ఇక మీరు ఎక్కడికీ లేచి వెళ్లక్కర్లేదు. గడ్డే మీ దగ్గరికొచ్చింది!" అన్నాడు మేనేజరు. అందరూ చప్పట్లు కొట్టారు. సారీ అక్క కూడా కొట్టింది. ఆ చప్పట్లలోనే టీ గంట తీసేశారు.

నిజం చెప్పాలంటే హాయిగానే ఉండేది. తిట్టు చెవిలోకి వచ్చీ రాగానే అరికాల్లోంచి జారిపోయేది. బయటి గడ్డి దిగులుని పండనిచ్చి కోసుకునేది. పైన ఆకాశం, కింద నేల లేని ఈ గడ్డి ఆకలి మీదుండి, మొలకలోనే తుంచుకునేది. ఎవరూ విసుక్కోవడం లేదు. ఎవరూ సెలవు అడగడం లేదు. అమ్మకి ఫోన్ చెయ్యాలన్న సంగతి సారీ అక్కకి రోజూ గుర్తొచ్చేది. కానీ గుర్తొస్తే చాలదు, ఎక్కడో గుచ్చుకోవాలి. అది గుచ్చుకునేలోపే గడ్డి తీసేసుకునేది.

ఒక మధ్యాహ్నం తమ్ముడి ఫోన్ వచ్చింది.

"అక్కా, అమ్మ నిన్నే అడుగుతోంది. ఇక ఎంతోసేపు కష్టమన్నాడు డాక్టరు. వెంటనే బయల్దేరు."

ఆమెకి ప్రతి మాటా అర్థమైంది. గుండెల్లో ఏదో లేచింది, గొంతు దాకా వచ్చింది. వచ్చినట్టే వెనక్కి తిరిగి, కడుపులోంచి, మోకాళ్లలోంచి అరికాళ్లకి జారిపోయింది. కాళ్ల కింద గడ్డి సన్నగా కదిలింది.

"సరేరా. పని అయిపోగానే వస్తాను."

"పని అయ్యాకా? అక్కా, నేను చెప్పింది వినబడిందా నీకు?"

"వినబడింది. సారీ రా."

పక్క సీట్లో నినాదం అంతా విన్నాడు. ముఖం ఎర్రబడింది. ఏదో గట్టిగా అరవడానికి నోరు తెరిచాడు. తెరిచి, కాసేపు అలాగే ఉండి, "ఏదో అనబోయానక్కా... పోయింది" అని మళ్లీ తన ఫోను ఎత్తాడు.

పొద్దు వాలుతుండగా తమ్ముడు ఆఫీసులోకి వచ్చాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. అక్క ఎదురుగా నిలబడితే, ఆమె కాస్త ఆగమన్నట్టు వేలు చూపించి, అవతలి మనిషికి సారీ చెప్పి ముగించింది.

"అయిపోయిందక్కా," అన్నాడు.

"అయ్యో, సారీ రా," అంది. మెషీన్లు చెడిపోయిన వాళ్లతో రోజూ అనే గొంతుతోనే అంది.

తమ్ముడు ఆమె ముఖంలోకి చూశాడు. బల్ల కిందికి చూశాడు. ఆమె కూర్చున్న కుర్చీని వెనకనించి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

ఆమె కాళ్లు గడ్డి మీంచి లేచిపోయాయి.

అప్పుడొచ్చింది. ఆ గదిలో అలాంటి ఏడుపు అంతకుముందు ఎవరూ వినలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న వాళ్లకి కూడా వినబడింది. నినాదం వంగి తన కాళ్లకేసి చూసుకుని, మాటా పలుకూ లేకుండా రెండు కాళ్లూ పైకి లాక్కున్నాడు. వాడి వెనక ఆవిడ లాక్కుంది. ఆ వరుసంతా లాక్కుంది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "ఏమైంది? ఏమైంది?" అంటూ మేనేజరు గదిలోంచి వచ్చాడు.

ఆ కుర్చీలో ఆమె మళ్లీ కూర్చోలేదు.

తమ్ముడింటి ముందు మామూలు గడ్డే, నేలలో వేళ్లున్నది. వచ్చిన చుట్టాలు, ఇరుగుపొరుగు చెప్పులు విడిచి అందులో నిలబడి, ముక్కు చీదుకుంటూ, మెల్లగా తేలికపడుతున్నారు. వాకిలంతా బూడిదరంగుకు తిరిగింది. ఆమె మాత్రం రాతిమెట్టు మీద కాళ్లు ముడుచుకు కూర్చుంది.

"ఆఖర్న అమ్మ ఏమైనా అందా?" అని అడిగింది.

తమ్ముడు తప్పుగా పెట్టుకున్న గుండీ ఒకటి విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. "పాపం, దానికి తీరిక దొరకడం లేదేమో, ఇబ్బంది పెట్టకు అంది."

ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. వీపు కదులుతుంటే వాడు చెయ్యి వేశాడు.

"కాసేపు గడ్డిలోకి దిగక్కా. కాస్త తేలికవుతుంది."

కాలి కొనకి జానెడు దూరంలోనే గడ్డి ఉంది. ఆమె కాళ్లు ఇంకా దగ్గరికి లాక్కుని, చీర కుచ్చిళ్లు కప్పుకుంది.

"దిగుతాన్రా," అంది. "ఇవాళ కాదు."