గంట కట్టిన కుర్చీ

కుర్చీ కుడిచక్రానికి చుట్టుకున్న ఉన్ని పోగును అతను గోటితో పట్టి లాగుతున్నాడు. పోగు తెగి సగం చేతికి వచ్చింది, సగం ఇరుసు దగ్గరే ఉండిపోయింది. ఇంకాస్త వంగి, జేబులోంచి పిన్నీసు తీసి, తల పక్కకు వాల్చి ఆ మిగిలిన ముక్కను కూడా బయటకు లాగాడు. సీటు మీద మడిచి పెట్టిన శాలువదే ఆ పోగు. దాని అంచు రోజుకు కొంచెంగా ఊడిపోతోంది.

పొయ్యి మీద నీళ్లు కాగేలోపు కుర్చీ తుడవడం అతని అలవాటు. పాత బనీను ముక్కను తడిపి పిండి, ముందు చేతులు ఆనించే చోట్లు, తర్వాత వీపు ఆనే నల్ల రెక్సిను, ఆఖరున చక్రాలు. వానలకు ముందు ఆ కుర్చీలో అక్క కూర్చునేది. ఆమె పోయింది. తర్వాత వానలు వచ్చాయి, వెలిశాయి. కుర్చీ మాత్రం కిటికీ పక్కన, వీధి మలుపు దాకా కనిపించేలా, ఆమె పోరుపెట్టి తిప్పించుకున్న వైపుకే తిరిగి ఉంది.

నిజానికి అది వాళ్లది కాదు, సేవా క్లబ్బుది. వీపు వెనక తెల్లరంగుతో క్లబ్బు పేరు ఉంటుంది. ఆ పేరు రాసింది కూడా అతనే.

అక్క అతనికన్నా బాగా పెద్దది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. పెళ్లి ఊసెత్తినవాళ్లను గుమ్మంలోంచే పంపించేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, ఆ సామెతను ఆమె ఎన్నడూ ఖాతరు చేయలేదు. పాలవాడి దగ్గర్నుంచి అద్దె తీసుకునే ఇంటాయన దాకా ఆమె నోట పడనివాడు లేడు. తమ్ముణ్ని "ఒరేయ్ మొద్దూ" అని తప్ప పిలిచి ఎరగదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిపక్కతోపాటు మాట కూడా పడిపోయింది.

అప్పుడతను, సొట్టపడిందని పక్కన పడేసిన సైకిలు గంట ఒకటి తెచ్చి కుర్చీకి ఎడమపక్క బిగించాడు. ఒక్కసారి మోగితే రమ్మని. రెండుసార్లు మోగితే సరే, పొమ్మని. ఆపకుండా మోగితే తిట్టు. మొదటి వారమంతా ఎక్కువగా మూడో రకమే వినిపించింది.

నీళ్లు కాగాయి. టీ చేసుకుని నిలబడే తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి, పానాల సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.

"వెళ్లొస్తానక్కా."

చెవి మెలేసి నేర్పిన మాట అది. "వెళ్తున్నా అంటే పోయినట్టేరా మొద్దూ. వెళ్లొస్తానను. చెప్పకుండా గడప దాటావో, కాళ్లు విరగ్గొడతా." పలకా బలపం పట్టుకున్న రోజుల నుంచి ఇప్పటిదాకా అతను చెప్పకుండా గడప దాటలేదు. మాట ఉన్నన్నాళ్లూ ఆమె "ఊఁ, ఏడువు" అనేది. ఆ తర్వాత గంట రెండుసార్లు మోగేది. ఇప్పుడు కొంచెంసేపు ఆగి, తనే తలుపు దగ్గరకు లాగుతున్నాడు.

గడప ఎత్తుగా ఉంటుంది. కుర్చీ దిగడానికని దాని మీద లోపలికీ వీధికీ వాలుగా చెక్క అమర్చాడు. సైకిళ్లు వచ్చిన పెట్టెలోని చెక్కే. చక్రాలు తిరిగిన చోట దాని మీద రెండు గీతలు నునుపుతేలాయి.

క్లబ్బు భవనం బజారు చివర. ముందువైపు హాలు, వెనక రేకుల గది. చదువుకునే పిల్లలకు ఫీజులు కట్టడం, దూరం నుంచి నడిచొచ్చేవాళ్లకు సైకిళ్లివ్వడం, వీధి కొళాయిలు బాగుచేయించడం, జబ్బుపడ్డవాళ్లకు చక్రాల కుర్చీలు, ఊతకర్రలు, మంచాలు వాడుకుని తిరిగిచ్చేలా ఎరువివ్వడం - ఇవీ క్లబ్బు పనులు. వాటిలో చక్రమున్న పనులన్నీ రేకుల గదిలోకి వస్తాయి. పిల్లలు అతన్ని చక్రాల మావయ్య అంటారు. పెద్దవాళ్లు "ఇదిగో" అంటారు.

హాలు గోడ మీద ఏటేటా సైకిళ్లిచ్చిన ఫోటోలు వరసగా ఉన్నాయి. అన్నింట్లోనూ అతనున్నాడు, మణికట్టు దాకా. చివరి సైకిలు స్టాండు ఎప్పుడూ నేల మీద సరిగా ఆనదు. పడిపోకుండా వెనక నుంచి క్యారియరు పట్టుకుంటాడు. మొదటి ఫోటోల్లో ఆ వేళ్లు సన్నగా, నల్లటి గ్రీజుతో ఉంటాయి. ఇటీవలి వాటిలో కణుపులు లావెక్కాయి. గ్రీజు మాత్రం అదే.

ఎరువు తీసుకున్నవాళ్లను వస్తువు ఎప్పుడు తిరిగిస్తారని అడగకూడదన్నది క్లబ్బులో కట్టుబాటు. తెచ్చి ఇచ్చినప్పుడు మనిషి ఎలా ఉన్నాడని కూడా అడగకూడదు. అది అతని మూలంగానే వచ్చింది. ఎప్పుడో ఒకసారి, తాపీమేస్త్రి పోయాడని ఎవరో చెబితే, మంచం తెద్దామని తోపుడుబండి వేసుకుని ఆ ఇంటికి వెళ్లాడు. తలుపు తీసింది మేస్త్రే. గోడ పట్టుకుని నిలబడి, బండి వంకా ఇతని వంకా చూసి, "మంచం కోసమా నాయనా? కాస్త ఓపిక పట్టు. ఇంకా పని పూర్తికాలేదు" అన్నాడు. పోయింది పక్కవీధి మేస్త్రి. 

ఆ కబురు విని అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "యముడు నిన్నెప్పుడు పనిలో పెట్టుకున్నాడ్రా? జీతం ఎంతిస్తానన్నాడు?" అంది. క్లబ్బువాళ్లు మాత్రం నవ్వలేదు. ఇకమీదట మన వస్తువు దానంతటదే రావాలి, మనం నోరెత్తకూడదు అనుకున్నారు.

అందుకే ఇన్నాళ్లూ కుర్చీ గురించి అతన్ని ఎవరూ అడగలేదు. అక్క గురించి కూడా అడగలేదు. పోయిన రోజున అందరూ వచ్చారు, భుజం మీద చెయ్యి వేశారు, వెళ్లారు. ఆ తర్వాత అతను ఎదురుపడితే చైన్ల గురించో, వర్షం గురించో మాట్లాడేవారు. మర్యాద తెలిసిన మనుషులు.

ఆ రోజు మధ్యాహ్నం సైకిళ్ల పంపకం. అతను పొద్దుట్నుంచీ బ్రేకులు సరిచూస్తూ, ట్యూబుల్లో గాలి నింపుతూ ఉన్నాడు. బట్టల కొట్టాయన, క్లబ్బు అధ్యక్షుడు, లోపలికి తొంగిచూసి, "నీ చేతిలో పడితే సైకిలు కూడా పెళ్లిచూపులకు తయారైనట్టుంటుందయ్యా!" అని, నవ్వు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. 

తర్వాత టీచరమ్మ వచ్చింది. బడి నుంచి రిటైరై క్లబ్బు కార్యదర్శి అయిన మనిషి. వాకిలి దగ్గరే నిలబడింది.

"ఇదిగో, లోపల కుర్చీ ఒక్కటైనా ఉందా?"

"లేదండీ. అన్నీ బయటే ఉన్నాయి."

"పోయినేడు సైకిలు తీసుకుంది చూడు, బేకరీలో పిండి కలిపే ఆవిడ కూతురు. బడి మెట్ల మీంచి పడింది. ఒక కాలికి తొడ దాకా కట్టు, రెండో మడమకూ దెబ్బ. సోమవారం నుంచి పరీక్షలు."

అతను చైను మీద నూనె వేస్తున్నాడు.

"కొత్తవి రావాలంటే నెల పడుతుందట. ఆ ఎత్తు రోడ్డు మీద రోజూ ఎంత దూరమని మోస్తుంది తల్లి? ఈ పరీక్ష తప్పిందా, బేకరీలో పెట్టేస్తారు. పిల్ల బాగా చదువుతుందయ్యా."

నూనె చుక్క చైను మీంచి జారి నేల మీద పడింది. టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచింది.

"సరేలే. ఇంకెక్కడైనా కనుక్కుంటాను" అంది.

ఆమె అడుగుల చప్పుడు హాల్లోకి వెళ్లిపోయేదాకా అతను తల ఎత్తలేదు. పెడలు పట్టుకుని వెనక్కి తిప్పాడు. చైను చప్పుడు చేయకుండా తిరిగింది. ఇంకా నూనె వేయాల్సిన పని లేదు, అయినా వేశాడు.

మధ్యాహ్నం హాలు నిండింది. కొత్తగా సైకిళ్లు తీసుకునే పిల్లలు ముందు వరసల్లో, పాత పిల్లలు వెనక. బేకరీ ఆవిడ కూతుర్ని వీపున వేసుకుని వచ్చింది. కట్టు వేసిన కాలు బిర్రుగా పక్కకు పొడుచుకొచ్చింది.

"జరగండి జరగండి, మా అమ్మ బస్సు వచ్చింది" అంటోంది పిల్ల.

"నోరు ముయ్యవే, నడుం విరిగిపోతోంది ఇక్కడ. దూదిమూటవా ఏమన్నా?"

"టికెట్ తీసుకున్నానుగా!"

వెనక గోడ దగ్గర, అతను నిలబడే చోటికి పక్కనే, రెండు కుర్చీలు కలిపి పిల్లను దించింది తల్లి. మెడ మీద చెమట తుడుచుకుంటూ గోడకు ఆనుకుంది. ఆమె చేతుల వెంట్రుకల్లో ఇంకా పిండి ఉంది.

అధ్యక్షుడు మైకు ముందుకు వచ్చాడు. గొంతు సవరించుకుని, "పోయినేడు నన్ను మాట్లాడనివ్వకుండా గంట కొట్టి ఆపేశారు. ఈసారి ఆ భయం..." అన్నాడు.

అక్కడ ఆగిపోయాడు. పోయినేడు అతను అక్కను తీసుకొచ్చి ఇదే గోడ దగ్గర కూర్చోబెట్టాడు. ఉపన్యాసం సాగుతూ ఉంటే ఆమె ఎడమచెయ్యి గంట మీదికి పోయింది. ఇక ఆపలేదు. పిల్లలు విరగబడి నవ్వారు. ఉపన్యాసం అక్కడితో సరి. ఆ రోజు నుంచి ఆమె పిల్లలందరికీ గంట పెద్దమ్మ. 

ఇప్పుడు అధ్యక్షుడు దగ్గి, మంచినీళ్లు తాగి, చదువు విలువ గురించి మొదలుపెట్టాడు. ఒక పక్కగా కూర్చున్న సభ్యులు ఎవరి చెప్పుల వంక వాళ్లు చూసుకున్నారు. ఆ రోజు ఉపన్యాసం చాలాసేపు సాగింది. ఆపేవాళ్లు లేరు.

చప్పట్ల మధ్య పిల్ల అతని చొక్కా కొస లాగింది.

"మావయ్యా, గంట పెద్దమ్మ రాలేదేం?"

తల్లి దాని భుజం గిల్లింది. "అట్లా అడక్కూడదే."

"ఎందుకు? ఎట్లా ఉందో అడిగాను, అంతే కదా."

అతను సైకిళ్ల వంక చూశాడు. తర్వాత పిల్ల వంక చూశాడు.

"పోయిందమ్మా. వానలకు ముందే."

ఆ మాట తన నోటివెంట రావడం అతను మొదటిసారి విన్నాడు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పే పని పడలేదు. గొంతు తనది కానట్టు, పక్కగదిలోంచి వచ్చినట్టు ఉంది.

పిల్ల మొహం చిన్నబోయింది. కాసేపు కట్టు మీద వేలితో గీతలు గీసింది.

"మరి గంట?"

"కుర్చీకే ఉంది."

"ఎవరూ కొట్టట్లేదా?"

"లేదు."

తల్లి చటుక్కున అతని మొహంలోకి చూసింది. కుర్చీ ఎక్కడుందో ఆమెకు అర్థమైంది. పెదవి కదిలింది కూడా. కానీ వంగి, పిల్ల చేతుల్ని మెడ చుట్టూ వేసుకుంది. "పదవే, నాకు పనికి వేళవుతోంది." గోడ పట్టుకుని లేచింది. గుమ్మం దాటేటప్పుడు కట్టుకాలు తలుపు చెక్కకు తగిలింది. పిల్ల అరవలేదు. "బస్సుకు హారన్ లేదమ్మా, అదీ గొడవ" అంది, ఏడుపు ఆపుకుంటూ.

ఫోటో తీసేటప్పుడు అతను ఎప్పటిలాగే చివరి సైకిలు వెనక చేరి క్యారియరు పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. కిటికీలోంచి ఎండ కుర్చీ సీటు మీద పడుతోంది. అతను సంచి దించి, దాని ఎదుట గచ్చు మీద కూర్చున్నాడు. సాయంత్రాలు అతని మాటలన్నీ ఆ కుర్చీతోనే. బియ్యంలో రాళ్లెక్కువయ్యాయనీ, ఇంటాయన మళ్లీ గోడలకు సున్నం వేయించనన్నాడనీ చెప్పేవాడు. ఈవేళ కూడా చెప్పడానికి చూశాడు. ఉపన్యాసం సంగతి చెబితే అక్క నవ్వేది. ఆ తర్వాత, పిల్ల సంగతి విన్నాక, గంట ఆపకుండా మోగించి ఉండేది. అది అతనికి బాగా తెలుసు.

లేచి శాలువ తీశాడు. దులపలేదు. నాలుగు మడతలు పెట్టి పెట్టెలో దాచాడు. సీటు ఎత్తు ఒక మెట్టు తగ్గించాడు, పిల్ల పొట్టిది కనుక. కట్టుకాలు చాచుకోవడానికి ముందువైపు చెక్కముక్క బిగించి, గుడ్డ చుట్టాడు. చక్రాలకు గాలి పెట్టాడు.

చివరికి పానా పట్టుకుని గంట దగ్గరకు వచ్చాడు. మర సగం దాకా విప్పాడు. గంట వదులై అతని అరచేతిలోకి ఒరిగింది. సొట్ట ఉన్న వైపు, వేలు ఆనే చోట, మెరుపు పోయి ఇత్తడి రంగు తేలింది. ఆమె బొటనవేలు అరగదీసిన చోటు. అక్కడ తన వేలు పెట్టి కాసేపు ఉంచాడు. నొక్కలేదు.

తల్లి వంటింట్లో ఉంటే పిల్ల ఎలా పిలుస్తుంది? బడిలో ఎవరైనా కుర్చీ తోసుకెళ్తూ మధ్యలో వదిలేస్తే?

మర మళ్లీ బిగించాడు. ఊడిపోదని నమ్మకం కుదిరేదాకా బిగించాడు.

కుర్చీని వెనక నుంచి పట్టుకుని తలుపు దాకా తోశాడు. ఖాళీ కుర్చీ ఇంత తేలిగ్గా ఉంటుందని అతని చేతులు మరిచిపోయాయి. అనుకున్నదానికన్నా వేగంగా కదిలింది. చెక్క మీద దిగేటప్పుడు గంట మోగకుండా ఒక చేత్తో దాన్ని కప్పి పట్టుకున్నాడు.

వీధిలో కుర్చీని ఆపి, తలుపు వేయడానికి వెనక్కి తిరిగాడు. నోరు తెరుచుకుంది. కిటికీ పక్కన గచ్చు, కుర్చీ ఉన్నంత మేర, చుట్టూ ఉన్నదానికన్నా కొంచెం తెల్లగా ఉంది. ఎండ ఇప్పుడు నేరుగా దాని మీద పడుతోంది. అతను ఒక క్షణం అలాగే నిలబడి, నోరు మూసుకుని, తలుపు దగ్గరకు లాగాడు.

ఎవరికీ ఏమీ చెప్పకుండా కుర్చీ తోసుకుంటూ మలుపు తిరిగాడు.

గడప మీద చెక్క అలాగే ఉంది, నునుపుతేలిన రెండు గీతలతో, వీధివైపు వాలి.