జబ్బు పేరు

జయపాల్ గారు రెవెన్యూలో హెడ్ క్లర్కుగా రిటైరై తొమ్మిదేళ్ళయింది. కుర్చీ పోయింది గానీ పెత్తనం పోలేదు. తమ్ముడు పోయాక మరదలు కృపారాణి ఇంటి వ్యవహారాలన్నీ ఆయనే చూస్తున్నారు. ఎవరూ అడగలేదు.

కృపారాణి కొడుకు శ్యాంబాబు నరసాపురంలో చర్చి స్కూల్లో సైన్సు టీచరు. సంబంధం తెచ్చిన పెదనాన్నతో, తనకి మగవాళ్ళంటేనే ఇష్టమని, ఏ ఆడపిల్లనీ మోసం చెయ్యలేనని చెప్పేశాడు. జయపాల్ గారు నలభై రోజులు ఉపవాస ప్రార్థనలు పెట్టించారు. ఉపవాసం మిగతావాళ్ళకి. ఆయనకి షుగరు. శ్యాంబాబు మారకపోయేసరికి, ఇది పాపం కాదు, జబ్బు అని తేల్చారు. రాజమండ్రిలో తనకి తెలిసిన డాక్టరు ఆస్పత్రిలో మూడు వారాలు ఉండి నయం చేయించుకుని వస్తేనే జూన్‌లో ఉద్యోగం ఉంటుందని, స్కూలు కమిటీ మెంబరుగా చెప్పారు.

"జబ్బంటే నలుగురూ జాలిపడతారు కదమ్మా," అన్నారు కృపారాణితో, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

ఆ సాయంత్రం శ్యాంబాబు తల్లిని కూర్చోబెట్టి చెప్పాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసి ముప్పై అయిదేళ్ళయింది. ఇలాంటి వైద్యం చెయ్యడం తప్పని మన దేశంలో డాక్టర్ల మీదుండే కౌన్సిలే చెప్పింది. అయినా చేస్తున్నవాళ్ళ మీద ఫిర్యాదులు పెట్టాలని రాజమండ్రిలో వర్షిణి అనే లాయరు రెండేళ్ళుగా తిరుగుతోంది.

"వాళ్ళు నోటితో అంటారమ్మా, కాగితం మీద పెట్టరు. ఒక్క కాగితం దొరికితే చాలంటోంది."

"అయితే నువ్వు రాకు. నేను వెళ్తాను," అంది కృపారాణి.

ముందు పెద్దవాళ్ళం వెళ్ళి మాట్లాడొద్దామని ఆమె అంటే జయపాల్ గారు సరేనన్నారు. డాక్టర్ విశ్వనాథ్ గదిలో ఆయన తాను తయారుచేసిన లక్షణాల పట్టిక సమర్పించారు. ఒకటి: కోపము రాదు. రెండు: తిన్న కంచము తానే కడుగుకొనును. మూడు: చొక్కాలు తానే ఇస్త్రీ చేసుకొనును. నాలుగు: తల్లితోపాటు కూర్చుని లేసు అల్లును. డాక్టరు ఒక్కోదానికీ తల ఊపి టిక్కు పెట్టాడు. అన్నీ కలిసి ఎంత భయంకరమైన రోగమో కృపారాణికి అప్పుడు తెలిసింది.

"తండ్రి లేని పెంపకం," అన్నాడు డాక్టరు ఆమె వంక చూసి. "పర్వాలేదు, నయం చేస్తాం."

అడ్మిషన్ కాగితం మీద ఆందోళన, నిద్రలేమి అని రాశాడు.

"మావాడు హాయిగా పడుకుంటాడండి," అంది కృపారాణి.

"ఏదో ఒకటి రాయాలి కదమ్మా. అసలుది రాయం. అర్థం చేసుకోండి."

ఆమె జయపాల్ గారి వైపు తిరిగింది. "బావగారూ, నిద్రలేమి నయమైంది సరే, అసలుది నయమైందా అని రేపు కమిటీలో అడిగితే ఏం చెబుతారు?"

జయపాల్ గారు నిటారుగా కూర్చున్నారు. "నిజమే. డాక్టరు గారూ, రికార్డు స్పష్టంగా ఉండాలండి. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో కారణం లేని ఫైలు నేను పైకి పంపలేదు."

"పెద్దాయనా, ఇలాంటివి రాయరు."

"అదేంటండీ? నయం చేస్తానంటున్నారు, పేరు రాయనంటున్నారు. కొంపదీసి ఈ జబ్బు మీకు తెలీదా?"

వెటకారమేమీ కాదు, ఆయన నిజంగానే అడిగారు. కానీ డాక్టరు మొహం ఎర్రబడింది. లెటర్‌హెడ్ లాక్కుని బరబరా రాశాడు. శ్యాంబాబుకున్నది హోమోసెక్సువాలిటీ అనే మానసిక వ్యాధి అని, మూడు వారాల చికిత్సతో నయం చేస్తానని. సంతకం పెట్టాడు.

"సీలు కూడా వెయ్యండి," అన్నారు జయపాల్ గారు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే కింద సాక్షిగా తన సంతకం చేసి, తేదీ వేసి, మరదలికి అందించారు.

డాక్టరు అడ్మిషన్ కాగితం ఆమె ముందుకి తోశాడు. "ఇక్కడ మీ సంతకం, అమ్మా."

కృపారాణి లేచింది. "నయమయ్యాక పెళ్ళి చెయ్యమంటారాండి?"

"నిక్షేపంగా."

"మీ అమ్మాయినిస్తారా?"

ఆమె సంతకం చెయ్యకుండా బయటికి నడిచింది. మెట్ల మీదే నిలబడి కాగితం ఫొటో తీసి వర్షిణికి పంపింది.

కాగితం లాయరుకి పంపానని కృపారాణి తిరుగు బస్సెక్కగానే చెప్పినా, రావులపాలెం దాటాకగానీ జయపాల్ గారికి సంగతి పూర్తిగా బుర్రకెక్కలేదు. ఎక్కాక ఆయన శ్యాంబాబు గురించి అడగలేదు, డాక్టరు గురించీ అడగలేదు.

"అందులో నా సంతకం కూడా ఉంది కదమ్మా! ఆ లాయరమ్మకి చెప్పి నా పేరు తీయించు. పరువుగా బతికినవాణ్ణి."

"తియ్యరు బావగారూ. కావాలంటే తర్వాత మీకు బుద్ధొచ్చిందని ఇంకో కాగితం జతచెయ్యొచ్చు."

"ఏం కాగితం?"

"శ్యాంబాబుకి ఏ జబ్బూ లేదని, జూన్‌లో స్కూలుకొస్తాడని, కమిటీ మెంబరుగా మీరు రాసివ్వాలి."

"కదిలే బస్సులో ఏం రాస్తానమ్మా," అన్నారాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

పాలకొల్లు స్టాండులో బస్సు ఆగింది. పది నిమిషాలు ఆగుతుందని కండక్టరు కేకేసి టీకి దిగాడు.

"ఇప్పుడు కదలట్లేదు, రాయండి," అంది కృపారాణి.