గేటుకు వేళ్ళాడిన బోర్డు

ఆఖరి స్క్రూ వేళ్ళతోనే ఊడొచ్చింది. పోయిన నెల బిగించేటప్పుడు ఒళ్ళుమండి సగమే తిప్పాడు మరి. పచ్చ రేకుబోర్డు అతని ఛాతీమీదికి వాలింది. 'కరెంటు ఆదాలో ఈ ఇల్లే ఆదర్శం.' ఒక్క క్షణం దాన్ని హత్తుకుని నిలబడ్డాడు.

మునిసిపాలిటీలో అతన్ని అందరూ 'నిచ్చెన' అంటారు. వీధి దీపాలు మార్చడం, నెలకోసారి ఈ బోర్డు విప్పి, కడిగి, వీధిలో అందరికన్నా తక్కువ కరెంటు కాల్చిన ఇంటికి బిగించడం అతని పని. గెలిచింది పాత ఇల్లే అయినా విప్పి, కడిగి, మళ్ళీ బిగించాల్సిందే.

ఈ ఇల్లు తోడల్లుడిది. కిటికీలకు దుప్పట్లు వేలాడుతున్నాయి. పట్టపగలే గుహలా ఉంది.

"మరిదిగారూ!" తలుపు సందులోంచి వదిన పిలిచింది. "ఒక్కసారి లోపలికి రండి. మీ అన్నయ్య రమ్మంటున్నారు."

గొప్పలు చెప్పుకోవడానికే అనుకున్నాడు.

"డ్యూటీలో ఉన్నాను వదినా."

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే భార్య కొంగుతో విసురుకుంటోంది. ఫ్యాను రెక్కల్ని తాడుతో కట్టేసింది అతనే.

"ఉడికి చస్తున్నాం. ఆ బోర్డొస్తే దాంతో విసురుకోమంటారా?" అంది. "బావని చూశారా? తలలో ఏదో జబ్బట. వెలుతురు పడితే కేకలు పెడుతున్నాడని అక్క ఒకటే ఏడుపు."

"జబ్బా పాడా! బోర్డు మనింటికొస్తే ఓర్వలేడు. అంతా నాటకం."

ఆఫీసు కుళాయి దగ్గర బోర్డు మిలమిలలాడేలా తోమాడు. ఈసారి ఖాయమనుకున్నాడు. మేస్త్రీ బయటికొచ్చి నవ్వాడు.

"మళ్ళీ నీ తోడల్లుడికేరా! నువ్వు రెండోవాడివి. మీ ఆవిణ్ణి ఇంకాస్త ఉడకబెట్టు, వచ్చే నెల చూద్దాం."

అందరూ ఘొల్లుమన్నారు. అతను బోర్డుమీద ఇంకో బకెట్టు నీళ్ళు విసురుగా కుమ్మరించాడు.

సాయంత్రం నిచ్చెనా బోర్డూ మోసుకుంటూ వీధి మలుపు తిరిగి, ఠక్కున ఆగిపోయాడు.

తోడల్లుడి ఇల్లు ధగధగలాడుతోంది. వసారా, గదులు, మేడమెట్లు... వెలగని దీపం లేదు.

దొరికాడు! రాత్రిళ్ళు ఇలా వెలిగించుకుని, మీటరులో ఏదో మాయ చేస్తున్నాడన్నమాట. నిచ్చెన గేటుకు చేర్చి, బోర్డు దానికి ఆనించి, చరచరా లోపలికి దూసుకెళ్ళాడు.

హాలునిండా జనం. మధ్యలో చాపమీద తోడల్లుడు. ఇన్నాళ్ళూ కళ్ళకు కట్టుకున్న నల్లగుడ్డ విప్పి తలగడ పక్కన పెట్టారు. తన భార్య అప్పటికే వచ్చి అక్కను పట్టుకుని కూర్చుంది.

"దీపం వేస్తే విలవిల్లాడిపోయేవారు," అంది వదిన. "ఇప్పుడేం అనరని... అన్నీ వేశాను."

ఈ నెల వీళ్ళ మీటరు పరుగులు పెడుతుంది. ఆ ఊహ తనంతట తానే వచ్చింది. అతను చప్పున తల దించుకున్నాడు.

"పొద్దున ఎందుకు పిలిచారు వదినా?"

"ఆ బోర్డు గురించే. గాలికి ఒకటే కొట్టుకునేది. ఆ చప్పుడుకి తల పగిలిపోతోందనేవారు. మళ్ళీ తేవద్దని, మీ గేటుకే పెట్టుకోమని చెబుదామన్నారు."

బయట గాలి లేచింది. ఇంటి దీపాల వెలుగంతా తన తెల్లక్షరాలమీద పడుతుంటే, తడి ఆరని పచ్చ బోర్డు నిచ్చెనకేసి టక్ టక్‌మని కొట్టుకుంటోంది.