వారసుల ఉంగరం

నేను ఒక వెండి ఉంగరాన్ని. వియన్నాలోని ఆ ఇంట్లో నా మూలంగా మొదలైన వాదన అప్పటికే సూపు చల్లారిపోయేదాకా వచ్చింది.

"సొంత కూతురి పేరు చెప్పడానికి నోరు రాదా కొన్రాడ్?" అంది హెడ్విగ్, భర్త ముందు రొట్టెల బుట్ట కాస్త గట్టిగానే పెడుతూ.

"దాని పేరు మాత్రం చెప్పను" అన్నాడాయన నన్ను వేలిమీద తిప్పుకుంటూ.

ఒకప్పుడు ఓ మహానటుడికి అభిమానులు చందాలు వేసుకుని నన్ను చేయించారు. ఆయన పోతూ నన్ను మరో నటుడికి వదిలాడు. అదే ఆనవాయితీ అయింది. జర్మన్ భాషా రంగస్థలం మీద తనను మించినవారెవరో నన్ను ధరించినవాడు నాటకశాల పెద్దలకు చెప్పి ఉంచాలి. అతను పోయాక నేను ఆ వేలికి చేరతాను. సాటివాణ్ణి మెచ్చుకోవడానికి మనుషులకు చావుదాకా గడువు కావాలి కాబోలు.

కొన్రాడ్ మొదట ఒక మిత్రుడి పేరు చెప్పాడు. మంచు కరగకముందే ఆ మిత్రుడు జ్వరంతో పోయాడు. తర్వాత శిష్యుడి పేరు చెప్పాడు. అతను మెట్లమీంచి జారిపడి మళ్లీ లేవలేదు. నేనెవరినీ ఏమీ చేయలేదు, ఒక వేలిమీద కూర్చున్నానంతే. అయినా కొన్రాడ్ ఎదురైతే చాలు, నటులంతా తాము అంతటివాళ్లం కామంటూ తప్పుకోసాగారు. ఆ వృత్తిలో అంత వినయం నేనెన్నడూ చూడలేదు.

కూతురు ఒటీలియ మాత్రం తప్పుకోలేదు.

"భయమని సాకులు చెప్పకు నాన్నా. నేను చాలనని నీ ఉద్దేశం. ఆ మాటే చెప్పు."

"ఇచ్చేయండి మామగారూ" అని నవ్వాడు ఆమె భర్త ఎమిల్. అతనూ నటుడే. "లేకపోతే ఇంటికెళ్లాక నాకు తిండి పుట్టదు."

కొన్రాడ్ లేచి కూతురి పక్కకు వచ్చాడు. నన్ను తన వేలినుంచి బలంగా లాగి, ఆమె వేలికి తొడిగాడు.

"నిన్ను మించిన నటి లేదమ్మా. అందుకే, నీ పేరు చెప్పి, ఆ ఇద్దరిలా నీకేమవుతుందోనని ఎదురుచూస్తూ కూర్చోలేను. ఇవాళ్టినుంచి నేను వేదిక ఎక్కను. ఇది నీదే."

ఒటీలియ కళ్లు తుడుచుకుంది. సూపు గిన్నె తీయబోయిన హెడ్విగ్ చేయి ఆగింది.

"మరి ఇకమీదట పేరు చెప్పాల్సిందెవరు?"

"నేనే కదమ్మా" అంది ఒటీలియ. "నాకా పిచ్చి భయాలేం లేవు."

ఎమిల్ నవ్వడం మానేశాడు. బల్లమీదున్న చేతులు మెల్లగా కిందికి తీసుకున్నాడు.

ఒటీలియ అతనివైపే ప్రేమగా చూస్తూ, అందరికీ వినపడేలా నెమ్మదిగా అంది: "నాకన్నా గొప్ప నటుడు నాకు తెలిసి ఒక్కడే. రేపు వెళ్లి చెప్పి వస్తాను."